ఆపరేషన్‌కి ముందే ఇమ్యూనోథెరపీ అంటున్నారు, నాన్నకి మెలనోమా. తెలిసినవాళ్ళు చెప్పండి

పల్నాటి అమ్మాయి | మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. నాన్నకి 63 ఏళ్ళు, మిరప వేస్తారు. కుడి మడమ మీద చింతగింజంత నల్ల మచ్చ వస్తే ఆనెకాయ అనుకున్నాం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన రెండుసార్లు బ్లేడుతో చెక్కి పట్టీ వేశారు. మానలేదు. నీరు కారడం మొదలైంది. షుగర్ పుండేమో అన్నారు, నాన్నకి షుగరే లేదు. అలా ఎనిమిది నెలలు పోయాయి. సంక్రాంతి తర్వాత గజ్జల్లో బిళ్ళ కట్టింది. అప్పుడు హైదరాబాదు తీసుకొచ్చాం.

ముక్క తీసి పరీక్ష చేస్తే ఏక్రల్ మెలనోమా అని వచ్చింది, అరికాళ్ళు, అరచేతుల్లో వచ్చే చర్మ క్యాన్సర్ రకమట. గజ్జల్లో బిళ్ళకి సూది పరీక్ష చేస్తే అందులోనూ ఉంది. పెట్ స్కాన్‌లో, మెదడు ఎమ్మారైలో ఇంకెక్కడా లేదు. మూడో దశ అన్నారు.

సర్జన్ వచ్చే వారం తేదీ ఇచ్చారు. ఈలోపు ఆంకాలజిస్టు మేడమ్ పిలిచి, "తొందరపడకండి. ముందు మూడు వారాలకొకసారి మూడు డోసులు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఎక్కిద్దాం. తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత మిగతా డోసులు" అన్నారు. ఇంట్లో పెద్ద గొడవ. అన్నయ్య ఒకటే మాట: "గడ్డ కళ్ళ ముందు కనబడుతుంటే తొమ్మిది వారాలు ఎవరైనా ఆగుతారా?" నాన్నేమో "నా మీద ప్రయోగం చేస్తారా" అని అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. శుక్రవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

---

మిర్యాలగూడ వాసు | మంగళవారం, రాత్రి 11:05

చెల్లెమ్మా, మీ అన్నయ్య బాధ నాకు తెలుసు. మా అమ్మకి అరికాల్లో ఇదే జబ్బు. 2016లో వెంటనే కోయించాం. గజ్జల్లో బిళ్ళలన్నీ తీసేశారు. "మొత్తం తీసేశాం, అంచులు శుభ్రంగా ఉన్నాయి" అని రాసి ఇచ్చారు. పదకొండో నెలలో ఊపిరితిత్తుల్లో కనబడింది. అప్పట్లో మందు ముందే ఇవ్వొచ్చన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు. మాకు దొరకని అవకాశం మీకు దొరికింది. తొందరపడి వద్దనకండి.

---

హ్యూస్టన్ సుధ | బుధవారం, ఉదయం 6:20

అమ్మా, నేను క్యాన్సర్ పరిశోధనల్లో రోగులను చేర్చుకునే పని చేస్తాను. డాక్టర్ని కాదు. మీ నాన్నగారి విషయంలో నిర్ణయం మీ ఆంకాలజిస్టుదే. కానీ ఆ మేడమ్ చెప్పిన పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలను.

రోగుల మీద చేసిన ఎస్1801 అనే పరీక్ష నుంచి. దాన్ని అమెరికాలో స్వాగ్ అనే క్యాన్సర్ పరిశోధన బృందం చేసింది. నడిపించింది మా ఊళ్ళోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలో అప్పుడు పనిచేసిన డాక్టర్ సప్నా పటేల్. ఫలితాలు 2022 సెప్టెంబరులో పారిస్ సదస్సులో చెప్పారు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

ఆ పరీక్షలో నాకు బాగా నచ్చిందేమిటంటే కొత్త మందేమీ లేదు. అందరికీ ఒకటే మందు, అందరికీ 18 డోసులే. ఒక వర్గానికి ముందు ఆపరేషన్ చేసి, తర్వాత 18 డోసులూ ఇచ్చారు. రెండో వర్గానికి 3 డోసులు ఆపరేషన్‌కి ముందు, మిగతా 15 తర్వాత. తేడా అంతే, వరస మార్చారు. మొత్తం 313 మంది. రెండేళ్ళ దగ్గర చూస్తే, జబ్బు తిరగబెట్టకుండా, మరే ఆటంకమూ లేకుండా ఉన్నవాళ్ళు మొదటి వర్గంలో 49 శాతం, ముందు మందు తీసుకున్నవాళ్ళలో 72 శాతం.

మీ అన్నయ్యకి ఇది చెప్పండి: ఆ తొమ్మిది వారాలు ఊరికే కూర్చోవడం కాదు. మొదటి సెలైన్ ఎక్కిన రోజే వైద్యం మొదలైనట్టు.

---

పల్నాటి అమ్మాయి | బుధవారం, ఉదయం 7:48

సుధ గారూ, ఇప్పుడే అన్నయ్యకి చదివి వినిపించాను. "అదే మందు, అన్నే డోసులు అయితే ముందిచ్చినా వెనకిచ్చినా ఒకటే కదా, తేడా ఎందుకొస్తుంది?" అంటున్నాడు. నాకూ అర్థం కాలేదు.

---

గాజు పలక | బుధవారం, మధ్యాహ్నం 1:15

మీ అన్నగారు అడగాల్సిందే అడిగారు. నేను హైదరాబాదులో పాథాలజిస్టుని. మైక్రోస్కోపు కింద ఈ బిళ్ళలే చూస్తుంటాను కాబట్టి నేను చెబుతాను.

ఈ మందు కీమో లాగా క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాలు ఉంటాయి. వాటికి పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. గడ్డ ఆ బ్రేకు తొక్కి పట్టి బతుకుతుంది. మందు ఆ బ్రేకుని వదిలిస్తుంది. పని చేసేది మన కణాలే. ఆ బ్రేకుల సంగతి కనిపెట్టినందుకే ఆలిసన్, హోంజో అనే శాస్త్రవేత్తలకి 2018లో నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు మీ నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పండి. ఊళ్ళో దొంగతనం జరిగితే పోలీసు కుక్కని తెస్తారు. దొంగ వదిలేసిన చెప్పో తువ్వాలో వాసన చూపించి వదులుతారు. ఆ తువ్వాలు ముందే తగలబెట్టేసి తర్వాత కుక్కని తెస్తే అది దేన్ని పట్టుకుని పోవాలి? గడ్డ, బిళ్ళ ఒంట్లో ఉండగా మందిస్తే టీ కణాలకి ఆ గడ్డలో ఉన్న రకరకాల గుర్తులన్నీ ఎదురుగా దొరుకుతాయి. వాటికి తగ్గ కణాలు వేలకు వేలుగా పెరిగి రక్తంలో తిరుగుతాయి. ఎక్కడో స్కాన్‌కి అందని గింజ దాక్కుని ఉంటే దాన్నీ పట్టుకోగలవు. గడ్డ, పక్కన బిళ్ళలు మొత్తం కోసేశాక మందిస్తే నేర్చుకోవడానికి మిగిలే సరుకు చాలా తక్కువ. నెదర్లాండ్స్‌లో 20 మందితో చేసి 2018లో ఫలితాలు అచ్చువేసిన ఒపాసిన్ అనే చిన్న పరీక్షలో రక్తం తీసి చూస్తే, ముందు మందు తీసుకున్నవాళ్ళలోనే గడ్డని గుర్తుపట్టే కొత్త కణాల రకాలు ఎక్కువగా విస్తరించాయి.

ఇంకో లాభం నా బల్ల మీద కనబడుతుంది. ముందు మందిచ్చి తర్వాత తీసిన బిళ్ళ నాకొస్తుంది. కోసి చూస్తే లోపల కాటుక రాసినట్టు నల్లగా ఉంటుంది. చూసినవాళ్ళెవరైనా "అయ్యో, నిండా జబ్బే" అనుకుంటారు. పలక మీద పెట్టి రంగు తీసేసి చూస్తే ఆ నలుపంతా చచ్చిన క్యాన్సర్ కణాల రంగుని మింగి కూర్చున్న మాక్రోఫేజులు, అంటే ఒంట్లో చెత్త ఊడ్చే కణాలు. బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ ఉండదు కొన్నిసార్లు. అలాంటి పలక చూసిన రోజు నేను లేచి వెళ్ళి ఆంకాలజిస్టుకి స్వయంగా చెప్పి వస్తాను, రిపోర్టు టైపయ్యే దాకా ఆగను.

బతికున్న కణాలు 10 శాతమో అంతకన్నా తక్కువో ఉంటే పెద్ద స్పందన అంటాం. సగం కన్నా ఎక్కువ మిగిలితే మందు పట్టలేదని లెక్క. ముందే కోసేస్తే ఈ మందు మీ నాన్నగారికి పని చేస్తుందో లేదో తెలుసుకునే దారే ఉండదు. ఏడాది పాటు గుడ్డిగా ఎక్కిస్తూ పోవాలి.

---

లెక్కల మాస్టారు | బుధవారం, సాయంత్రం 5:30

సుధ గారూ, ఒక సందేహం. 72, 49 అన్నారు. ఆ "ఆటంకం" అంటే ఏమిటి? ముందు మందు తీసుకున్నవాళ్ళలో ఎవరికైనా గడ్డ పెరిగిపోయి ఆపరేషనే చేయలేని స్థితి వస్తే, వాళ్ళని లెక్కలోంచి తీసేశారా? అలా తీసేస్తే ఏ మందైనా గెలుస్తుంది. ఆ అమ్మాయి అన్నయ్య భయం కూడా సరిగ్గా అదే.

---

హ్యూస్టన్ సుధ | గురువారం, ఉదయం 5:55

మాస్టారూ, తీసెయ్యలేదు. లెక్క గట్టిగానే పెట్టారు. గడ్డ పెరిగి ఆపరేషన్ కుదరకపోయినా, మందు దుష్ప్రభావం వల్ల ఆపరేషన్ ఆగిపోయినా, ఆపరేషన్ తర్వాత 84 రోజుల్లో మళ్ళీ మందు మొదలుపెట్టలేకపోయినా, జబ్బు తిరగబెట్టినా, మనిషి చనిపోయినా, ఏది జరిగినా అది ఓటమి కిందే రాశారు. అలా రాసినా ముందు మందు వర్గంలో 154 మందికి 38, తర్వాత మందు వర్గంలో 159 మందికి 67.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఫలితాలు అచ్చయ్యేనాటికి రోగులను గమనించిన కాలం సగటున ఏడాదీ మూడు నెలలే. మొత్తం మీద ఎక్కువ కాలం బతుకుతారా అన్న ప్రశ్నకి ఆ పేపరు జవాబు చెప్పలేదు. తిరగబెట్టడం తగ్గిందని మాత్రం చెప్పింది.

---

లెక్కల మాస్టారు | గురువారం, ఉదయం 8:10

అలా రాసుంటే నాకు అభ్యంతరం లేదు. 38, 67 అంటే చిన్న తేడా కాదు. అమ్మాయీ, ధైర్యంగా ఉండు.

---

మెల్‌బోర్న్ లత | గురువారం, ఉదయం 9:25

నేనిక్కడ మెలనోమా వార్డులో నర్సుని. ఎండకి, తెల్ల చర్మానికి ఈ దేశంలో ఈ జబ్బు చాలా ఎక్కువ. అందుకే పరిశోధనా ఇక్కడ ఎక్కువే. డచ్చి వాళ్ళూ ఇక్కడి వాళ్ళూ ముందుండి నడిపిన నాడీనా పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. 423 మంది. అందులో ఒక మందు కాదు, ఇలాగే బ్రేకులు వదిలించే ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపి ఆపరేషన్‌కి ముందు రెండే విడతలు. ఏడాది దగ్గర 83.7 శాతం మంది ఏ ఆటంకమూ లేకుండా ఉన్నారు. ఆపరేషన్ తర్వాతే మందు తీసుకున్నవాళ్ళలో 57.2. ముందు తీసుకున్నవాళ్ళలో 59 శాతం మందికి గాజు పలక గారు చెప్పిన పెద్ద స్పందన వచ్చింది. వాళ్ళకి ఆపరేషన్ తర్వాత ఇక మందే ఇవ్వలేదు. ఏడాది పాటు ఆసుపత్రి చుట్టూ తిరిగే పని తప్పింది.

కానీ రెండు మందులు కలిపితే దుష్ప్రభావాలూ ఎక్కువే. నాడీనాలో తీవ్రమైనవి దాదాపు 30 శాతం మందికి వచ్చాయి, రెండో వర్గంలో 15. మీ మేడమ్ ఒక్క పెంబ్రోలిజుమాబ్ ఎంచుకున్నారంటే వయసు, మిగతా ఆరోగ్యం చూసే అయ్యుంటుంది. అడగండి, చెబుతారు.

ఇంకో సంగతి దాచకూడదు. ఏక్రల్ రకం, అంటే అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింద వచ్చేది, ఎండ వల్ల వచ్చేది కాదు. దానిలో జన్యు మార్పులు తక్కువ కాబట్టి టీ కణాలకి దొరికే గుర్తులూ తక్కువ. ఇమ్యూనోథెరపీకి స్పందించేవాళ్ళ శాతం మామూలు మెలనోమా కన్నా తక్కువగానే ఉంటుంది. ఆ అంకెలన్నీ నాన్నగారికి అచ్చంగా అలాగే వర్తిస్తాయని అనుకోకండి. బీరాఫ్, కిట్ జన్యు పరీక్షలు పంపించారా అని కూడా అడగండి.

నా చేతుల మీదుగా జరిగింది ఒకటి చెబుతాను. రెండో డోసు తర్వాత ఒకాయన ఇంటి దగ్గర రోజుకి ఏడెనిమిది సార్లు విరేచనాలు అవుతుంటే "ఏదో తిన్నది పడలేదు" అని మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని నాలుగు రోజులు ఆగారు. అయిదో రోజు స్ట్రెచర్ మీద వచ్చారు. బ్రేకు వదిలేసిన టీ కణాలు పేగు మీద పడ్డాయి. స్టెరాయిడ్ ఇచ్చి నిలబెట్టాం. మొదటి రోజే ఫోన్ చేసి ఉంటే మంచం దాకా వచ్చేదే కాదు. విరేచనాలు, ఆగని దగ్గు, ఆయాసం, కళ్ళు పసుపుపచ్చన కావడం, గుండెలో నొప్పి, లేవలేనంత నీరసం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. "ఇమ్యూనోథెరపీ మీద ఉన్నారు" అన్న మాట ముందు చెప్పాలి. థైరాయిడ్ దెబ్బ తినడం మామూలే. దానికి మాత్ర ఉంది, భయం లేదు.

---

భద్రాద్రి రాము | గురువారం, రాత్రి 8:40

నాన్నగారు "ప్రయోగం" అని భయపడటంలో తప్పేమీ లేదు. మా జిల్లా వాళ్ళకి ఆ భయం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరుతో వేశారు. చాలామంది గిరిజన పిల్లలు. హాస్టల్ పిల్లలకి అమ్మానాన్నల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్లో ఆపేశారు. చనిపోయిన పిల్లల మరణాలకి టీకా కారణం కాదనే విచారణలో తేల్చారు. కానీ సమ్మతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు సంఘమే తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా చెయ్యి చాపించడం మంచిది కాదు.

అందుకే ముందు ఇది తేల్చుకోండి: నాన్నగారికి ఇస్తున్నది పరీక్షలో భాగంగానా, లేక మామూలు వైద్యంగానా? రెండింటికీ చాలా తేడా. పరీక్ష అయితే దాని సీటీఆర్ఐ, అంటే మన దేశంలో ఇలాంటి పరీక్షల పట్టికలో నమోదు నంబరు అడగండి, 2009 నుంచి మన దేశంలో అది తప్పనిసరి. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి. ఇంటికి తెచ్చుకుని చదవండి. 2019 నియమాల ప్రకారం, పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. మధ్యలో ఎప్పుడైనా బయటికి రావచ్చు, వచ్చినందుకు వైద్యం ఆపకూడదు.

---

పల్నాటి అమ్మాయి | గురువారం, రాత్రి 9:30

రాము అన్నా, ఇవాళ అదే అడిగాను. మామూలు వైద్యమేనట, పరీక్ష కాదు. "ఇంకో వర్గం, మందు బదులు ఉత్తుత్తిగా ఉప్పునీళ్ళు ఎక్కించడం ఏమీ లేవు, మందే ఇస్తాం" అన్నారు. కానీ మామూలు వైద్యం అంటే డబ్బు మేమే కట్టాలి. ఒక్కో డోసు లక్షల్లో ఉంది. కంపెనీ సహాయ పథకానికి దరఖాస్తు పెట్టించారు, కొన్ని డోసులు కొంటే కొన్ని ఉచితంగా ఇస్తారట. అరెకరం అమ్ముదామని నాన్నకి తెలియకుండా అన్నయ్య మాట్లాడుతున్నాడు.

మంచి వార్త ఏంటంటే పోలీసు కుక్క కథ నాన్నకి బాగా ఎక్కింది. "అయితే తువ్వాలు ఉంచే కుక్కని తెమ్మను" అన్నారు. నాలుగు రోజుల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నారు.

ఇంకో చిన్న సందేహం. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో నెలకోసారి ఏదో సూది వేయించుకుంటారు. అది కొనసాగించొచ్చా?

---

గాజు పలక | గురువారం, రాత్రి 9:41

ఆపించండి! ఇది చిన్న సందేహం కాదు. ఊళ్ళల్లో కీళ్ళ నొప్పులకి వేసే సూదుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ టీ కణాలని పడుకోబెడుతుంది. ఒక చేత్తో బ్రేకు వదిలించి ఇంకో చేత్తో బండి ఆపేసినట్టు. దుష్ప్రభావం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే స్టెరాయిడ్ వేరు, అది అవసరం, దాన్ని వద్దనకండి. పసర్లు, చూర్ణాలు వాడుతుంటే అవీ చెప్పండి. రేపు వెళ్ళినప్పుడు ఆ సూది చీటీ దొరికితే మేడమ్‌కి చూపించండి. చాలాకాలంగా వేయించుకుంటూ ఉంటే, ఆపడం ఎలాగో ఆవిడే చెప్పాలి.

---

విశాఖ సాగరిక | శుక్రవారం, ఉదయం 7:00

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబాయికి చిన్నప్పుడు కాలిన మచ్చ మీద ముప్పై ఏళ్ళ తర్వాత పుండు పడింది. స్క్వామస్ సెల్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయ్యాయి. ఇప్పుడు ఆయనకి కూడా ఇలాంటి మందు ఇప్పించమని అడగాలా?

---

హ్యూస్టన్ సుధ | శుక్రవారం, ఉదయం 8:12

సాగరికా, అది వేరే చర్మ క్యాన్సర్, దాని లెక్క వేరు. అందులో రెండు పెద్ద పరీక్షలు జరిగాయి, రెండూ ఆపరేషన్, రేడియేషన్ అయిపోయిన తర్వాత ఇచ్చినవే. సీ-పోస్ట్‌లో సెమిప్లిమాబ్ ఇచ్చారు, 415 మంది. రెండేళ్ళ దగ్గర జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు మందు వర్గంలో 87 శాతం, ఉత్తుత్తి మందు వర్గంలో 64. 2025లో అమెరికాలో ఆమోదం వచ్చింది. దాదాపు అదే పని చేసే పెంబ్రోలిజుమాబ్‌తో కీనోట్-630 అని చేసిన పరీక్షని మాత్రం లాభం కనబడేలా లేదని 2024లో ఆపేశారు. రెండూ ఒకే బ్రేకు మీద పని చేసే మందులే, అయినా ఫలితం అలా వచ్చింది. పరీక్ష చెయ్యకుండా "అదీ ఇదీ ఒకటేలే" అనుకుని ఇచ్చేయకూడదని నేను రోజూ మొత్తుకునేది ఇందుకే.

తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకే ఆ మందు ఇస్తారు. ఆ ప్రమాదం ఎంతో రిపోర్టు చూసి మీ డాక్టరే చెప్పాలి. బాబాయి గారి సంగతి వేరే చర్చగా పెట్టమ్మా, అక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

---

పల్నాటి అమ్మాయి | శుక్రవారం, రాత్రి 11:20

ఆపరేషన్ తేదీ వాయిదా వేయించాం. సర్జన్, ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ కూర్చుని మాట్లాడారు. సర్జన్ గారు అన్నయ్యని పక్కకి పిలిచి, "ప్రతి మూడు వారాలకీ బిళ్ళని నేనే చేత్తో కొలుస్తాను, పెరుగుతోందని అనుమానం వస్తే ఆ వారమే తీసేస్తాను" అన్నారట. అన్నయ్యకి కావలసింది ఆ మాటే. సోమవారం మొదటి డోసు.

---

పల్నాటి అమ్మాయి | పదకొండు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 10:05

చాలా రోజులైంది. అందరికీ చెప్పాలని వచ్చాను. మూడు డోసులూ అయ్యాయి. అరగంటలో ఎక్కిపోయేది, నాన్న ప్రతిసారీ సీసా వంక చూస్తూ కూర్చునేవారు. రెండో డోసు తర్వాత ఒళ్ళంతా దురద వచ్చింది. లత అక్క మాట గుర్తొచ్చి ఆ రాత్రే ఫోన్ చేశాం, పూత మందుతో తగ్గింది. థైరాయిడ్ తేడా వచ్చింది, మాత్ర వేసుకుంటున్నారు.

బిళ్ళ నిమ్మకాయంత ఉండేది. రెండో డోసుకి అలాగే ఉంది, అప్పుడు మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. మూడో డోసుకి ఉసిరికాయంత అయింది. పోయిన నెలాఖరున మడమ, గజ్జలు రెండూ ఆపరేషన్ చేశారు. మడమకి తొడ చర్మం వేశారు. నిన్న రిపోర్టు వచ్చింది. బిళ్ళలో బతికున్న కణాలు 30 శాతం అని రాశారు. గాజు పలక గారూ, ఇది పెద్ద స్పందన కాదు కదా?

---

గాజు పలక | ఆదివారం, ఉదయం 10:50

పెద్ద స్పందన కాదమ్మా, పాక్షిక స్పందన. 10కీ 50కీ మధ్య. ఏక్రల్ రకంలో నేనైతే దీన్ని తక్కువగా చూడను, మందు పట్టిందని ఆ పలక చెబుతోంది. మిగతా డోసులు ఎలా కొనసాగించాలో మేడమ్ దీన్ని బట్టే చెబుతారు. ఏ డోసూ వారాలు జరపకండి, స్కాన్ తేదీలు మానకండి. ఆ 30 శాతం కణాల మీద జన్యు పరీక్ష మళ్ళీ చేయించాలా అని కూడా అడగండి.

---

మిర్యాలగూడ వాసు | ఆదివారం, ఉదయం 11:02

చెల్లెమ్మా, నాన్న ఎలా నడుస్తున్నారు?

---

పల్నాటి అమ్మాయి | ఆదివారం, మధ్యాహ్నం 12:15

చేతికర్ర పట్టుకుని వరండా దాకా వస్తున్నారు అన్నయ్యా. కాలు సాయంత్రానికి వాస్తోంది, కింద దిండు పెడుతున్నాం. నాలుగో డోసు వచ్చే గురువారం. అరెకరం అమ్మే పని పడలేదు, సహాయ పథకం దరఖాస్తు ఒప్పుకున్నారు. నిన్న మా వీధిలో ఒకాయన ఆనెకాయ చెక్కించుకోవడానికి పోతుంటే నాన్న కేకేసి ఆపి, చెప్పు విప్పించి, మచ్చ రంగు చూశారు.